వేట నిషేధం మొదలయ్యేలోగా శని, ఆదివారాల్లో కొత్త సముద్రపు వంటలు: ఏ చేపకు ఏ పద్ధతి సరిపోతుంది?

వాల్తేరు_వంటగది

మా ఇంట్లో చేపలు లేకుండా ఆదివారం గడవదు. అయితే ఏళ్ళ తరబడి పులుసు, ఇగురు, వేపుడు అనే మూడింటి చుట్టూనే తిరుగుతున్నాము. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట ఆగిపోతుంది కాబట్టి, ఆలోగా మిగిలిన శని, ఆదివారాల్లో ఇంట్లోనే కొన్ని కొత్త వంటలు ప్రయత్నించాలని ఉంది. వీడియోలు చూడబోతే, వాటిలో సాల్మన్‌కు చెప్పిన పద్ధతినే వంజరానికి, వంజరానికి చెప్పినదాన్నే కానాగంతలకు (మాకరెల్) అప్పజెబుతున్నారు. కారం ఎన్ని చెంచాలో చెబుతారు కానీ, ఆ చేప కండ ఎటువంటిదో, ఎంత సేపటికి ఉడుకుతుందో ఒక్కరూ చెప్పడం లేదు. ఇదే నా ఫిర్యాదు, ఇదే నా ప్రశ్న కూడా. మన విశాఖ రేవులో దొరికే ఏ చేపకు ఏ కొత్త పద్ధతి సరిపోతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? గ్యాసు పొయ్యి, ఇడ్లీ పాత్ర, మట్టి దాక, ఒక చిన్న ఓవెన్ ఉన్నాయి. మా అత్తగారు కారం తక్కువ తింటారు, పిల్లలకు ముళ్ళంటే భయం.

హార్బర్_దారి

మీరు వంటను ముందు నిర్ణయించుకుని చేప కోసం బయలుదేరితే ఆ రోజు రేవులో ఉన్న మంచి చేపను వదిలేసి, నిన్నటి వంజరం ముక్కలు తెచ్చుకోవలసి వస్తుంది. అందుకే ముందు ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళండి, వంట సంగతి అక్కడ ఆలోచించండి. తెల్లవారుజామున పడవలు సరుకు దించే వేళకు వెళితే వేలంపాట పక్కనే చిల్లరగా అమ్మే మహిళలు గంపలు పెట్టుకుని కూర్చుని ఉంటారు, ముక్కలు కొట్టేవారు కూడా అక్కడే ఉంటారు. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, జిగురు పట్టి గోధుమ రంగుకు తిరిగి ఉండకూడదు. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడిపోవాలి. ముక్కలుగా కోసి పెట్టిన చేపలో వీటిలో ఒక్కటీ చూడలేము కాబట్టి, నిలువు చేపను ఎంచుకుని మన ఎదుటే కొట్టించుకోవడమే మంచిది. ఇంటి నుంచి ఐసు డబ్బా తీసుకువెళ్ళండి. చేప ఎంత బరువుంటే అంత ఐసు పోయాలని రేవులో పాతవారు చెబుతారు. మార్చి ఎండలో హార్బర్ నుంచి మధురవాడ దాకా ఉత్త సంచీలో తెచ్చిన చేపకు ఏ మసాలా పట్టించినా ప్రయోజనం ఉండదు.

మర్రిపాలెం_మాస్టారు

హార్బర్_దారి గారు చెప్పినది అక్షరాలా నిజం. దానికి తోడు చేపలో నూనె ఎంత ఉందో గమనిస్తే సగం చిక్కు విడిపోతుంది. కానాగంతలు, కవళ్ళు (సార్డిన్) నూనె ఎక్కువగా ఉన్న చేపలు కాబట్టి అవి నిప్పు మీద నేరుగా కాల్చడానికి, ఓవెన్‌లో పెట్టడానికి తట్టుకుంటాయి, పైగా వాటికి పులుపు బాగా కలుస్తుంది. పండుగప్ప, చందువ మెత్తని తెల్ల కండ కలవి, ఆవిరికి చక్కగా ఒదుగుతాయి. సూర చేప (ట్యూనా) కండ ఎర్రగా, గట్టిగా ఉంటుంది కానీ అందులో నూనె తక్కువ, అందుచేత పెద్ద ముక్కలుగా కాలిస్తే పొడిబారిపోతుంది. నూనె ఎక్కువ ఉన్నవాటికీ తక్కువ ఉన్నవాటికీ మధ్యలో వంజరం ఉంటుంది. దాన్ని అంగుళం మందాన కోయించి పెనం మీద రెండు వైపులా నాలుగేసి నిమిషాలు వేయిస్తే చాలు, ఓవెన్‌లో అరగంట పెట్టనవసరం లేదు. మీరు చూసిన వీడియోల్లో చెప్పే సాల్మన్ చలి సముద్రాల చేప, కొవ్వు బాగా ఉంటుంది కాబట్టి ఓవెన్‌లో ఎక్కువసేపు ఉన్నా అంత తొందరగా పొడిబారదు. ఆ కొలతలు మన చేపకు పనికిరాకపోవడానికి కారణం అదే.

పులుసుప్రియ

ఇన్ని కొత్త పద్ధతులు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ఒక్క పులుసులోనే ఎన్ని తేడాలు తేవచ్చో ఆలోచించారా? ఇప్పుడు పచ్చి మామిడికాయలు వచ్చాయి. చింతపండు పూర్తిగా మానేసి, నెత్తళ్ళలో పుల్లటి మామిడికాయ ముక్కలు వేసి, మెంతిపిండి చిటికెడు చల్లి, మట్టి దాకలో పెట్టి చూడండి. గరిటె పెట్టి కలపకుండా దాకనే రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. ఇంతకంటే కొత్త రుచి ఏ ఓవెన్ ఇస్తుంది?

వాల్తేరు_వంటగది

పులుసుప్రియ గారూ, మీరు చెప్పిన మామిడికాయ నెత్తళ్ళు తప్పకుండా చేస్తాను. కానీ పులుసు మాకు ఎలాగూ చేతనవును. మిగిలిన పద్ధతులు నేర్చుకోవాలన్నదే నా కోరిక. మాస్టారు గారు చెప్పిన ఆవిరి పద్ధతి మీద ఆసక్తి కలిగింది. కారం తక్కువ తినే పెద్దవారికి అది సరిపోతుందేమో అనిపిస్తోంది.

గోదారి_కోడలు

ఆవిరికి చందువ తీసుకోండి, నేను చేసే విధానం చెబుతాను. మన ఇళ్ళలో పనసపొట్టుకు, అరటికాయకు ఆవ పెట్టి వండుతాము కదా, అదే ఆవను చేపకు పట్టించడమే ఇందులోని కొత్తదనం. ఒక్కొక్కటి మూడు నాలుగు వందల గ్రాములుండే తెల్ల చందువలు రెండు తీసుకుని, లోపల శుభ్రం చేయించి, రెండు వైపులా మూడేసి గాట్లు పెట్టించాలి. ఉప్పు, పసుపు రాసి పక్కన ఉంచాలి. రెండు చెంచాల ఆవాలు చల్లటి నీళ్ళలో నానబెట్టి, మూడు పచ్చిమిరపకాయలు, గుప్పెడు పచ్చికొబ్బరి, కొంచెం ఉప్పు కలిపి మెత్తగా రుబ్బాలి. అందులో ఒక పెద్ద చెంచాడు నువ్వుల నూనె కలిపి చేపకు లోపలా బయటా పట్టించాలి. అరటాకును మంట మీద అటూ ఇటూ చూపిస్తే చిరగకుండా వంగుతుంది. అందులో చేపను చుట్టి, దారంతో కట్టి, ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగిన తరువాత పెట్టి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచాలి. దించాక మూత తీయకుండా మరో ఐదు నిమిషాలు వదిలేయాలి. చందువకు మధ్య ముల్లు తప్ప చిన్న ముళ్ళు దాదాపు ఉండవు కాబట్టి పిల్లలకు కూడా తేలిక. మీ అత్తగారికి పెట్టే చేపలో పచ్చిమిరపకాయ తగ్గించి కొబ్బరి పెంచండి.

సీతమ్మధార_సాయంత్రం

ఆవ ముద్ద చేదెక్కకుండా ఉండాలంటే ఏమి చేయాలి? మా వదిన ఇటువంటిదే చేసినప్పుడు ఘాటు లేకుండా చేదు మాత్రమే మిగిలింది.

గోదారి_కోడలు

ఆవాలను వేడి నీళ్ళలో నానబెడితే ఘాటు పుట్టదు, చేదు మిగిలిపోతుంది. చల్లటి నీళ్ళు వాడాలి, రుబ్బేటప్పుడే ఉప్పూ పచ్చిమిరపకాయా వేయాలి, మిక్సీ వేడెక్కేదాకా తిప్పకుండా ఆపి ఆపి తిప్పాలి. రుబ్బిన ముద్దను పది నిమిషాలు అలా ఉంచి అప్పుడు వాడండి. పొట్టు ఎక్కువగా ఉన్న నల్ల ఆవాలకు బదులు సగం పసుపు ఆవాలు కలిపితే చేదు ఇంకా తగ్గుతుంది.

అక్కయ్యపాలెం_అత్త

గోదారి_కోడలు గారి వంటకు ముందు రోజు రాత్రే నిమ్మరసం, అల్లంవెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ముక్కకు ఉప్పూ కారం బాగా ఎక్కుతాయని నా సలహా. శనివారం కొన్న చేపను ఆదివారం దాకా అలాగే నిలవ ఉంచుకోవచ్చు కూడా.

మత్స్యశాస్త్ర_విద్యార్థి

అక్కయ్యపాలెం_అత్త గారితో ఈ విషయంలో ఏకీభవించలేను. నిమ్మరసంలోని ఆమ్లం చేప కండలోని మాంసకృత్తులను గట్టిపరుస్తుంది. పది పదిహేను నిమిషాలైతే మేలే చేస్తుంది కానీ, రాత్రంతా ఉంచితే పైభాగం సున్నంలా తెల్లబడి, వండిన తరువాత పొడిపొడిగా రాలిపోతుంది. చందువ వంటి మెత్తని చేపకు ఈ నష్టం మరీ ఎక్కువ. పైగా నిమ్మరసం నిలవకు రక్షణ అని అనుకోవడం సరికాదు, అది సూక్ష్మజీవులను పూర్తిగా చంపదు. ఆదివారం దాకా ఉంచాలంటే చేపను కడిగి, తడి తుడిచి, ఉప్పు పసుపు మాత్రమే రాసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఐసు ముక్కల పళ్ళెం మీద ఫ్రిజ్ కింది అరలో వెనుక భాగాన ఉంచండి. తలుపు అరలో పెట్టవద్దు, తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ వేడి పెరుగుతుంది. నిమ్మరసం వండే ముందు చాలు.

అక్కయ్యపాలెం_అత్త

మీరు చెప్పినది వంజరానికి వర్తించదేమో. నేను వంజరం ముక్కలు ఎన్నోసార్లు నిమ్మరసంలో రాత్రంతా ఉంచాను, వేపుడు బాగానే వచ్చింది.

మత్స్యశాస్త్ర_విద్యార్థి

వంజరం కండ గట్టిది, పైగా మీరు నూనెలో కరకరలాడేటట్లు వేయిస్తారు కాబట్టి ఆ పొడితనం తెలియకపోవచ్చు. ఆవిరి మీద మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఒకే చేప ముక్కలు రెండు రకాలుగా చేసి పక్కపక్కన తిని చూడండి, మీకే తేడా కనిపిస్తుంది.

జాలారిపేట_ఇంటిది

మీ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. కొత్త వంట అంటే అందరూ బయటి దేశాల వైపు చూస్తున్నారు కానీ, మా ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న సొర (షార్క్) పుట్టు ఈ నగరంలో చాలా ఇళ్ళకు ఇప్పటికీ తెలియదు. అది బాలింతలకు మా పెద్దవాళ్ళు తప్పనిసరిగా పెట్టే వంట. చిన్న పాల సొరను ముక్కలు చేసి, పసుపు వేసిన నీళ్ళలో ఉడికించి, పైన ఇసుక కాగితంలా గరుకుగా ఉండే తోలు ఒలిచేయాలి. మధ్య ఎముక మెత్తగా ఉంటుంది, దాన్ని తీసేస్తే ఇక ముల్లన్న మాటే ఉండదు. కండను చేతితో పొడి చేసి, గుడ్డలో కట్టి నీరు పిండేయాలి. ఈ పిండే పని తొందరపడి చేస్తే పుట్టు ముద్దవుతుంది. దాకలో నూనె పోసి ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి వేసి, వెల్లుల్లి కాస్త ధారాళంగా దంచి వేసి, కరివేపాకు వేసి, ఎర్రబడిన తరువాత ఈ పొడిని వేసి సన్నని సెగ మీద విడివిడిగా అయ్యేదాకా వేయించాలి. సొరను చాలా తాజాగా ఉండగానే వండాలి. ఆలస్యమైతే ఘాటైన వాసన వస్తుంది, ఆ వాసన ఏ మసాలాతోనూ పోదు.

మర్రిపాలెం_మాస్టారు

ఆ వాసనకు కారణం ఉంది. సొరలు తమ కండలో యూరియాను నిలవ ఉంచుకుంటాయి. చేప చనిపోయిన తరువాత సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. ఉడికించిన నీటిని పారబోయడంలోనూ, గుడ్డలో పిండడంలోనూ అదే బయటికి పోతుంది. శాస్త్రం చదవకుండానే మీ పెద్దవారు ఈ పద్ధతి కనిపెట్టారన్నది నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

గాజువాక_టౌన్‌షిప్

వంట మీద నాకు అభ్యంతరం లేదు కానీ, సొరను కొత్తగా ఇంటింటికీ అలవాటు చేయడం మంచిది కాదని నా అభిప్రాయం. సొరలు ఆలస్యంగా ఈడుకు వస్తాయి, కొద్ది పిల్లలనే కంటాయి, అందుచేత ఒకసారి తగ్గితే మళ్ళీ పెరగడం కష్టం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద కొన్ని సొర జాతులను పట్టడమే నేరం. మనవంటి కొనుగోలుదారుకు గంపలో ఏ జాతి ఉందో తెలియదు. ఆ పుట్టు పద్ధతిని సూర చేపతో చేయకూడదా? మాస్టారు గారు సూర పొడిబారుతుందని చెప్పారు, పుట్టుకు కావలసినది ఆ గుణమే కదా.

జాలారిపేట_ఇంటిది

మా వాళ్ళు తినేది చట్టం ఒప్పుకున్న చిన్న రకాలే. అయినా మీరు చెప్పిన కారణం కాదనలేను, ఇప్పుడు పాల సొరలు మునుపటిలా పడడం లేదని మా మామయ్య కూడా అంటూ ఉంటారు. సూరతో పుట్టు చక్కగా వస్తుంది, మేము కూడా చేస్తాము. రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. మొదటిది, కండ మధ్యలో నల్లగా, రక్తం రంగులో ఒక చాలు ఉంటుంది, ఉడికిన తరువాత దాన్ని వేరు చేసి తీసేయాలి, అది ఉంటే చేదుగా, నీచుగా ఉంటుంది. రెండవది, సూరను అసలు పిండనవసరం లేదు, చల్లారనిచ్చి వేళ్ళతో పొరలు విడదీస్తే చాలు. అరకిలో చేపకు నాలుగు పెద్ద ఉల్లిపాయలైనా పడాలి, లేకపోతే గొంతు పట్టినట్టు ఉంటుంది. దించే ముందు పచ్చికొబ్బరి కోరు రెండు చెంచాలు, కొత్తిమీర వేయండి. పిల్లలకు చపాతీలో చుట్టి ఇవ్వవచ్చు, పెద్దవారు చారు అన్నంలో నంజుకోవచ్చు.

వాల్తేరు_వంటగది

నాకు కావలసినది సరిగ్గా ఇటువంటి సమాధానమే. ముళ్ళు లేవు, కారం మన చేతిలో ఉంది. గాజువాక_టౌన్‌షిప్ గారికి, జాలారిపేట_ఇంటిది గారికి నా కృతజ్ఞతలు.

రుషికొండ_రూమ్‌మేట్

సూర చేప ప్రసక్తి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మేము నలుగురం కలిసి ఉంటున్నాము, జపాను వారిలా పచ్చి సూర ముక్కలతో ఏదైనా చేయాలని మిత్రులకు కోరికగా ఉంది. మన రేవులో దొరికే తాజా సూరను అలా తినవచ్చా?

మత్స్యశాస్త్ర_విద్యార్థి

దయచేసి ఆ ప్రయత్నం చేయవద్దు. పచ్చిగా తినడానికి ఉద్దేశించిన చేపను పట్టిన క్షణం నుంచి వేరుగా చూసుకుంటారు. పరాన్నజీవులు చావాలంటే సున్నాకు 20 డిగ్రీలు కింద కనీసం వారం రోజులు గడ్డకట్టించి ఉంచాలి. ఇళ్ళలోని ఫ్రీజర్లు సాధారణంగా మైనస్ 18 దగ్గరే ఉంటాయి, తలుపు తీస్తూ ఉంటే అదీ నిలవదు. రెండవ సంగతి ఇంకా ముఖ్యమైనది, వండుకునేవారికీ వర్తిస్తుంది. సూర, కానాగంతలు, కవళ్ళు వేడిలో కొన్ని గంటలు ఉంటే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది ఉడికించినా, వేయించినా పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి, చాలామంది దాన్ని చేప పడకపోవడం అనుకుంటారు. అందుకే హార్బర్_దారి గారు చెప్పిన ఐసు డబ్బా ఈ చేపలకు తప్పనిసరి.

రుషికొండ_రూమ్‌మేట్

అలా అయితే ఆ ఆలోచన మానుకుంటాము. మాకు ఒక్క పెనం తప్ప పెద్దగా సామాను లేదు, వేరే ఏదైనా చెప్పండి.

భీమిలి_బస్సు

స్క్విడ్ తెచ్చుకోండి. ఒక్క పెనం, పెద్ద మంట, రెండు నిమిషాలు ఉంటే చాలు. గొట్టంలా ఉండే దాని ఒంటి లోపల గాజులా పారదర్శకంగా ఉండే పొడవాటి ఈనెను లాగేసి, సిరా సంచి పగలకుండా తీసి, పైపొర ఒలిచి, చక్రాలుగా కోయాలి. తడి పూర్తిగా ఆరేటట్లు గుడ్డతో తుడవడం చాలా ముఖ్యం. పెనం బాగా కాలిన తరువాత నూనె, దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేసి, వెంటనే స్క్విడ్ వేసి, మిరియాల పొడి, ఉప్పు చల్లి, ముక్కలు తెల్లబడి ముడుచుకోగానే దించేయాలి. కొద్దికొద్దిగా రెండు విడతలుగా వేయించండి. అంతా ఒకేసారి వేస్తే నీరు ఊరి ఉడికిపోతుంది.

పులుసుప్రియ

స్క్విడ్ రబ్బరులా సాగుతుందని మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. ఇది పెద్దవారు ఉన్న ఇంటికి తగిన వంట కాదు.

భీమిలి_బస్సు

మధ్యస్థంగా ఉడికించినప్పుడే అలా సాగుతుంది. రెండు నిమిషాల్లో దించితే మెత్తగా ఉంటుంది, లేదా ముప్పావు గంట సన్నని సెగ మీద ఇగురులో ఉంచితే మళ్ళీ మెత్తబడుతుంది. పది, పదిహేను నిమిషాల దగ్గర ఆపినవారికే మీరు చెప్పిన అనుభవం ఎదురవుతుంది. పళ్ళ ఇబ్బంది ఉన్న పెద్దవారికి రెండవ పద్ధతి మంచిది.

మర్రిపాలెం_మాస్టారు

రొయ్యల సంగతి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. రొయ్యలు వలిపించుకుని తలలు, పెంకులు అక్కడే వదిలేసి రావడం మన అలవాటు. ఈసారి వాటిని కూడా ఇంటికి తెచ్చుకోండి. బాగా కడిగి, చెంచాడు నూనెలో ఎర్రబడేదాకా వేయించి, మూడు గ్లాసుల నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు మరిగించి, తలలను గరిటెతో నొక్కి వడకట్టండి. పెంకులోని అస్టాజాంథిన్ అనే రంగు పదార్థం ఒక మాంసకృత్తుతో కలిసి ఉన్నంతవరకు ముదురు రంగులో దాగి ఉంటుంది. వేడికి ఆ మాంసకృత్తు విడిపోయి ఎర్రని రంగు బయటపడుతుంది. అది నూనెలో కరుగుతుంది కాబట్టి ముందు నూనెలో వేయించడం ముఖ్యం. ఆ నారింజ రంగు రసంతో పులావు వండి, వలిచిన రొయ్యలను విడిగా రెండు మూడు నిమిషాలు వేయించి చివర్లో కలపండి. రొయ్య కొడవలిలా వంగితే ఉడికినట్టు, చుట్టలా గట్టిగా ముడుచుకుంటే మితిమీరినట్టు. బియ్యంతోపాటు రొయ్యలను కూడా మొదటి నుంచీ ఉడికించేవారు ఈ ఒక్క మార్పు చేసి చూస్తే పులావు రుచే మారిపోతుంది.

గోదారి_కోడలు

అదే రొయ్యలతో చింతచిగురు ఇప్పుడే చేయాలి, లేత చిగురు ఈ కొద్ది వారాలే దొరుకుతుంది. చిగురును అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఏరేసి, ఉల్లిపాయ మగ్గాక వేసి, నూనెలో పచ్చి వాసన పోయేదాకా వేయించి, రొయ్యలు చివరన వేయాలి. టమాటా కూడా కొంచెం వేస్తే గ్రేవీ వస్తుంది.

పులుసుప్రియ

చింతచిగురులో టమాటా వేయడం ఒప్పుకోను. చిగురు పులుపులో ఒక వగరు ఉంటుంది, టమాటా వేస్తే ఆ వగరు మరుగున పడుతుంది. పొడిగా ఉండడమే ఆ కూర అందం. మిగిలిన పద్ధతి అంతా మీరు చెప్పినట్టే మా అమ్మ చేసేవారు.

గోదారి_కోడలు

సరే, టమాటా లేకుండా కూడా చేసి చూస్తాను. అయితే చిగురు ముదిరిన వారాల్లో కొంచెం టమాటా అవసరమవుతుందన్న మాట మీద మాత్రం నిలబడతాను.

గాజువాక_టౌన్‌షిప్

పిల్లల కోసం మరొకటి. నెత్తళ్ళ తలలు తీసి, రెండు వంతుల బియ్యప్పిండిలో ఒక వంతు చోడిపిండి (రాగిపిండి) కలిపి, ఉప్పు, పసుపు, కొంచెం కారం వేసి, నీళ్ళు పోయకుండా చేప తడికే అంటుకునేటట్లు పట్టించి వేయించండి. చోడిపిండి వల్ల పూత గరుకుగా, కరకరలాడుతూ వస్తుంది, కమ్మటి వాసన కూడా ఉంటుంది. నెత్తళ్ళ ముల్లు మెత్తనిది కాబట్టి నమిలేయవచ్చు, పిల్లలకు ముల్లంటే భయం పోవడానికి ఇది మంచి మొదటి మెట్టు.

కొత్తవలస_రైలు

పీతలను మరిచిపోయారు. అరకులో కాఫీ తోటల్లో పండే మిరియాలు ఇక్కడ సులువుగా దొరుకుతాయి. వాటిని అప్పటికప్పుడు దంచి, కారం అసలు వేయకుండా పీతల వేపుడు చేస్తే ఘాటు వేరుగా ఉంటుంది. మండ పీతలను మాత్రం ప్రాణంతో ఉన్నవాటినే కొనండి, చచ్చిన పీత కండ చాలా త్వరగా పాడవుతుంది. చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి మించి బరువుగా అనిపించాలి, తేలికగా ఉంటే పెంకు కొత్తగా మార్చుకున్నదని అర్థం, లోపల నీరే ఉంటుంది. ఇంటికి తెచ్చాక అరగంట ఫ్రీజర్‌లో పెడితే స్పృహ తప్పుతుంది, అప్పుడు కోయడం తేలిక, దానికీ బాధ తక్కువ.

సీతమ్మధార_సాయంత్రం

ఒక హెచ్చరిక. చిన్న పిల్లలకు రొయ్యలు, పీతలు మొదటిసారి పెడుతున్నప్పుడు పండుగలా పళ్ళెం నిండా పెట్టకండి. మా అక్క కూతురికి రొయ్యలు తిన్న కొద్ది నిమిషాల్లో పెదవులు వాచాయి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. రొయ్యలు పడనివారికి పీతలు కూడా పడకపోయే అవకాశం ఎక్కువ అని వైద్యులు చెప్పారు. చేపలు మాత్రం ఆ పాప ఇప్పటికీ హాయిగా తింటోంది.

వాల్తేరు_వంటగది

పిల్లలు ఇద్దరూ రొయ్యలు ఇదివరకే తిన్నారు, ఇబ్బంది లేదు. అయినా పీతలు పెట్టేటప్పుడు కొంచెంతోనే మొదలుపెడతాను. ఈ శనివారం ఆవ పెట్టిన చందువ, ఆదివారం సూర పుట్టు, మాస్టారు గారి రొయ్యల పులావు చేద్దామని అనుకుంటున్నాను. కొనడం మాత్రం ఒక్కసారే, శనివారం ఉదయమే వెళ్ళగలను.

జాలారిపేట_ఇంటిది

ఆ వరుస మార్చండి. ఒక్కసారే కొనేటట్లయితే సూరను శనివారమే ఉడికించేయాలి, మత్స్యశాస్త్ర_విద్యార్థి గారు చెప్పిన కారణం చూశారు కదా. ఉడికించి పొడి చేసిన కండను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఆదివారం పోపు పెట్టుకోవచ్చు, పుట్టుకు అలా ఒక పూట ఆరితే ఇంకా మంచిది. రొయ్యల తలలు కూడా శనివారమే మరిగించి రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, తలలే ముందు చెడిపోతాయి. వలిచిన రొయ్యలు ఐసు మీద ఆదివారం దాకా ఉంటాయి. చందువను శనివారం మధ్యాహ్నమే వండండి. రేవుకు వెళ్ళినప్పుడు చందువ బాగా లేకపోతే పట్టుబట్టవద్దు, పండుగప్ప ముక్కలకు కూడా అదే ఆవ పట్టించి అదే ఆకులో చుట్టవచ్చు. ముక్కలైతే పది నిమిషాల ఆవిరి చాలు.

హార్బర్_దారి

పుట్టు కోసం పెద్ద సూరనే కొనాలని లేదు. చిన్న సూరలు తక్కువ ధరకు దొరుకుతాయి, రుచి కూడా ఏమీ తగ్గదు.

అక్కయ్యపాలెం_అత్త

నిషేధం రోజుల కోసం కొంత దాచుకోవచ్చా? ఫ్రీజర్‌లో పెట్టిన రొయ్యలు నెల తిరిగేసరికి అంచులు ఎండి పీచులా అవుతున్నాయి.

మత్స్యశాస్త్ర_విద్యార్థి

గాలి తగలడం వల్ల అలా ఎండుతాయి. వలిచిన రొయ్యలను ఒక్క పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో వేసి, పూర్తిగా మునిగేటట్లు చల్లటి నీళ్ళు పోసి గడ్డకట్టించండి, చుట్టూ ఐసు పొర ఉంటుంది కాబట్టి రెండు నెలలు బాగుంటాయి. వాడే ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించండి, బయట ఎండలో కరిగించవద్దు, ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు. వంజరం, పండుగప్ప ముక్కలకూ ఇదే పద్ధతి పనికివస్తుంది. కానాగంతలు, కవళ్ళు మాత్రం దాచవద్దు, వాటిలోని నూనె ఫ్రీజర్‌లో కూడా మక్కిపోతుంది. అయినా నిషేధం మర పడవలకే, తెప్పలు, మోటారు లేని చిన్న పడవలు తెచ్చే చేప కొద్దిగా దొరుకుతూనే ఉంటుంది. చెరువుల్లో పెంచిన వనామీ రొయ్యలు, పండుగప్ప ఎలాగూ వస్తాయి.

అక్కయ్యపాలెం_అత్త

నీళ్ళలో ఉప్పు వేయాలా?

మత్స్యశాస్త్ర_విద్యార్థి

అవసరం లేదు. మంచినీళ్ళే పోసి, డబ్బా మీద తేదీ రాసి పెట్టుకోండి.